సుబ్బారావు అనే పేరుకి అర్థం ఉందా? ఈ రోజుల్లో పిల్లాడికి పెట్టొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బాబు పుట్టాడు. మీ నాన్నగారు వాళ్ళ నాన్నగారి పేరు, అంటే సుబ్బారావు, పెట్టాలని పట్టుబట్టారు. మీ ఆవిడ "అర్థం లేని పేరు, స్కూల్లో అందరూ ఏడిపిస్తారు" అంటున్నారు. నెట్‌లో వెతికితే సుబ్బ అంటే ఒకచోట "తెలుపు" అని, ఇంకోచోట "శుభం" అని ఉంది. ఏది నిజం, ఒకప్పుడు ఊరి నిండా ఉన్న ఈ పేరు ఇప్పుడు ఎందుకు కనపడదు, పెట్టాలా వద్దా.

ముందు సూటిగా చెప్పేస్తాను. సుబ్బ అంటే సుబ్రహ్మణ్యుడు. సుబ్రహ్మణ్య అన్న పేరు జనం నోట్లో నలిగి సుబ్బ అయింది. రావు గౌరవం కోసం చేర్చేది. కాబట్టి మీ తాతగారిది నికార్సయిన దేవుడి పేరు. ఇక పెట్టాలా వద్దా అంటే, ఇంట్లో రోజూ ఆ పేరుతోనే పిలిచే ఉద్దేశం ఉంటే నిక్షేపంగా పెట్టండి. పిలిచేది ఇంకో పేరుతో, ఇది మాత్రం నాన్నగారి తృప్తి కోసం కాగితం మీద ఉంటుంది అనుకుంటే పెట్టకండి. ఆ తృప్తికి వేరే దారులున్నాయి, కింద రాస్తాను.

నేను గోదావరి జిల్లాలో హైస్కూలు తెలుగు మాస్టారుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. అడ్మిషన్ రిజిస్టర్లు రాయడం, పాతవి తిరగేసి టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు ఇవ్వడం నా పనిలో పెద్ద భాగం. పిల్లలకి పేర్లు చెప్పమని ఇప్పటికీ ఊళ్ళోవాళ్ళు వస్తుంటారు. కింద రాసేది ఆ అనుభవంతోనే.

"తెలుపు" ఎక్కడి నుంచి వచ్చింది? శుభ్రంగా అనేదాన్ని మనం వాడుకలో "సుబ్బరంగా" అంటాం కదా. శుభ్రం అంటే సంస్కృతంలో తెల్లనిది, మెరిసేది. ఆ సుబ్బరానికీ ఈ సుబ్బకీ ఎవరో ముడిపెట్టారు, పేర్ల వెబ్‌సైట్లన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. ఊళ్ళో చూస్తే సంగతి తేలిపోతుంది. మార్గశిర శుద్ధ షష్ఠిని పంచాంగంలో సుబ్రహ్మణ్య షష్ఠి అని రాస్తారు, మా వైపు జనం సుబ్బరాయుడి షష్ఠి అంటారు. గుడి బోర్డు మీద సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, భక్తుల నోట్లో సుబ్బరాయుడు. టెన్త్ సర్టిఫికెట్లో సుబ్రహ్మణ్యం అని ఉన్న మనిషిని వాళ్ళమ్మ సుబ్బయ్యా అని పిలుస్తుంది. కృష్ణుడు కిష్టయ్య అయినట్టు, లక్ష్మి లచ్చి అయినట్టు, వెంకన్న ఎంకన్న అయినట్టు ఇదీ అయింది. పలకడానికి కష్టంగా ఉన్న మాటని తేలిక చేసుకోవడం మన నాలుకకి అలవాటు.

సుబ్రహ్మణ్య అన్న మాటని విడదీస్తే సు, బ్రహ్మణ్య. బ్రహ్మణ్యుడంటే వేదానికీ, వేదం తెలిసినవాళ్ళకీ మేలు చేసేవాడు. దానికి ముందు "సు" చేర్చారు. యజ్ఞాల సంగతి తెలిసినవాళ్ళకి ఇంకొకటి కూడా గుర్తుండాలి. సోమయాగంలో పాల్గొనే పదహారు మంది ఋత్విక్కుల్లో ఒకరి పదవి పేరు సుబ్రహ్మణ్య. ఇంద్రుణ్ణి యాగానికి పిలవడం ఆయన పని. కుమారస్వామికి ఆ పేరు స్థిరపడింది ఆ తర్వాతే.

ఒక జాగ్రత్త. సిక్కిం, డార్జిలింగ్ వైపు సుబ్బ అని ఇంటిపేరున్నవాళ్ళు కనిపిస్తారు. అది లింబూ తెగ పెద్దలకి గోర్ఖా రాజులిచ్చిన పదవి పేరు. మన సుబ్బకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రెండూ ఒకటే అనుకుని వంశవృక్షం హిమాలయాల దాకా గీసినవాణ్ణి ఒకణ్ణి చూశాను.

మరి తెలుగునాట ఇంతమంది సుబ్బారావులు ఎలా వచ్చారు? ఇక్కడ కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మీ ఆవిడ అడిగిన "అర్థం" నిజానికి ఇక్కడే ఉంది.

కుమారస్వామి పూజ మన దగ్గర చాలా పాతది. చాళుక్య రాజులు తమ శాసనాల్లో స్వామి మహాసేనుడి పాదాలను ధ్యానించేవాళ్ళమని చెప్పుకున్నారు. మహాసేనుడంటే కుమారస్వామే. పదో శతాబ్దంలో యుద్ధమల్లుడు బెజవాడలో వేయించిన శాసనం కార్తికేయుడి గుడి గురించే, అదీ తెలుగు పద్యాల్లో. ఆ పద్యాల ఛందస్సు మధ్యాక్కర. అది చెప్పేటప్పుడు పిల్లలకి ఈ శాసనం గురించి చెప్పేవాణ్ణి. కాకపోతే ఆ రోజుల్లో ఆయన సేనాపతి, రాజుల దేవుడు. మన తాతల నాటికి పల్లెల్లో ఆయన పాము రూపంలో స్థిరపడిపోయాడు. తమిళులకి ఆయన వేలాయుధం పట్టి నెమలి మీద తిరిగే మురుగన్. కన్నడ దేశంలో కుక్కే సుబ్రహ్మణ్యలో, మనకి కృష్ణా జిల్లా మోపిదేవిలో ఆయన సర్పంతో కలిసిపోయిన దేవుడు. మోపిదేవిలో మూలవిరాట్టే చుట్టలు చుట్టుకున్న పాము మీద లింగంలా ఉంటుంది.

పాము దేవుడు అంటే సంతానం ఇచ్చే దేవుడు. పిల్లలు లేకపోతే సర్పదోషం అనేవారు. నాగులచవితికి తెల్లారకముందే తలస్నానం చేసి, తడిబట్టలతో పుట్ట దగ్గరికి వెళ్ళి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, పుట్ట కన్నంలో పాలు పోసి, వచ్చేటప్పుడు చిటికెడు పుట్టమన్ను తెచ్చి ఇంట్లో అందరి చెవులకీ పెట్టేవారు. చెవి బాధలు రావని నమ్మకం. అప్పుడే మొక్కుకునేవారు, బిడ్డ పుడితే నీ పేరు పెట్టుకుంటాను స్వామీ అని. పుడితే మోపిదేవి తీసుకెళ్ళి పుట్టువెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించి, సుబ్బారావో సుబ్బలక్ష్మో అని పేరు పెట్టేవారు. నాగేశ్వరరావు, నాగమణి, నాగరత్నం, శేషయ్య, ఫణి, ఇవన్నీ దాదాపు ఆ పుట్ట దగ్గర నుంచి వచ్చినవే. కాబట్టి మీ తాతగారి పేరు వెనక మీ ముత్తవ్వ మొక్కు ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. మీ నాన్నగారిని అడిగి చూడండి. ఆయన పట్టుదలకి కారణం కూడా బయటపడొచ్చు.

పేరు చూసి మనిషిది ఏ ఊరి వైపో చెప్పేసే రోజులుండేవి. దగ్గర్లో ఉన్న దేవుణ్ణి బట్టి పేర్లు పెట్టుకునేవారు కదా. అప్పలరాజు, సింహాచలం అంటే విశాఖ వైపు. నూకరాజు అంటే అనకాపల్లి చుట్టుపక్కల. సత్యనారాయణ అంటే అన్నవరం నీడలో పుట్టినవాడు. కోటేశ్వరరావులు కోటప్పకొండ చుట్టూ, పెంచలయ్యలు నెల్లూరు జిల్లాలో పెంచలకోన చుట్టూ. యాదగిరి అనగానే యాదగిరిగుట్ట, కొమురయ్య అనగానే కొమురవెల్లి. తెలంగాణలో సుబ్బారావులు తక్కువగా కనిపించడానికి కారణమూ ఇదే అని నా లెక్క. అక్కడ మల్లన్న, ఎల్లమ్మ, నరసింహస్వామి పేర్ల జోరు ఎక్కువ. గోదావరి జిల్లాల్లో బిక్కవోలు, అత్తిలి షష్ఠి తీర్థాలు ఎంత పెద్దవో చూసినవాళ్ళకి మా వైపు సుబ్బారావులు ఎందుకంతమందో చెప్పక్కర్లేదు. జీళ్ళ కొట్లు, బూరలు, రంగులరాట్నాలతో ఊరంతా నిండిపోతుంది. రాయలసీమలో, నెల్లూరులో ఇదే దేవుడు సుబ్బరాయుడుగా, సుబ్బారెడ్డిగా, వెంకటసుబ్బయ్యగా, సుబ్బమ్మగా దొరుకుతాడు. క్షత్రియుల ఇళ్ళలో సుబ్బరాజు. శాస్త్రుల ఇంట్లో సుబ్రహ్మణ్యశాస్త్రి, పేరు చెక్కు చెదరకుండా.

ఎంత ఎక్కువగా ఉండేదంటే, సామెతలో ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు కావాల్సి వస్తే "సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చింది" అన్నారు. అందరికీ తెలిసిన పేర్లు అవే మరి. ఎంకిని సృష్టించిన కవి నండూరి వెంకట సుబ్బారావు పేరులో ఆ ఇద్దరూ ఉండటం నాకు ఎప్పుడూ సరదాగా అనిపిస్తుంది.

రావు, అయ్య, గాడు. ఈ సంగతి వంశం పేరుతో గర్వపడేవాళ్ళు మాట్లాడరు, నేను మాట్లాడతాను. సుబ్బ అనే పేరు అన్ని కులాల్లోనూ ఉంది. తోక మాత్రం మారేది. రావు అనేది రాజు, రాయ అన్న మాటల కుటుంబంలోదే. భూమి, చదువు, కరణీకం ఉన్న ఇంటి పిల్లాడు పుట్టుకతో సుబ్బారావు. కాస్త కలిగిన రైతు సుబ్బయ్య. ఆ రైతు దగ్గర పాలేరుగా చేసేవాడు అదే దేవుడి పేరు పెట్టుకున్నా సుబ్బడు, సుబ్బిగాడు. పాత రిజిస్టర్లలో అలాగే రాసి ఉండటం నా కళ్ళతో చూశాను. మా ముందు తరం మాస్టార్లలో కొందరు పిల్లాణ్ణి బళ్ళో వేసుకునేటప్పుడు తండ్రి "సుబ్బిగాడండీ" అని చెబితే రిజిస్టర్లో "సుబ్బారావు" అని రాసేవారు. పుట్టినరోజు తెలియనివాళ్ళందరికీ జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేవారు, అది అందరికీ తెలిసిందే. పేరు సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఆ చిన్న కలం పోటుతో పిల్లాడు జీవితాంతం ఆఫీసుల్లో రావుగారు అయ్యాడు. కొన్ని ఊళ్ళలో పెద్దకులాల వాళ్ళు దీనికి గొడవ చేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే రావు అంటే పాతకాలపు బరువు అని ఇప్పటి కుర్రాళ్ళు తీసేస్తుంటే నాకు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. కొందరికి అది తేరగా వచ్చింది, కొందరు సంపాదించుకున్నారు.

పెద్దవాళ్ళ పేర్లు చూద్దాం, ఎందుకంటే మీ ఆవిడకి చూపించడానికి పనికొస్తాయి. థియోసాఫికల్ సొసైటీ తొలినాళ్ళలో పేరుపడ్డ తల్లాప్రగడ సుబ్బారావు 1856లో పుట్టారు. కవి రాయప్రోలు సుబ్బారావు 1892. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1895. హార్వర్డ్‌లో ఉండగా ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ లెక్కకట్టే పద్ధతి ఇద్దరి పేరుతోనే ప్రసిద్ధి. క్యాన్సర్‌కీ కీళ్ళవాతానికీ ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ వెనక ఉన్నది ఆయన పనే. ఒక బూజుకి శాస్త్రవేత్తలు ఆయన పేరుతో సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. సుబ్బడి పేరు లాటిన్‌లోకి కూడా వెళ్ళిందన్నమాట. కవి నాయని సుబ్బారావు 1899. రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు ఆయన హయాంలోనిదే. శ్రీకాకుళం ఉద్యమంలో 1969లో చనిపోయిన కవి సుబ్బారావు పాణిగ్రాహి. రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా 2008 నుంచి 2013 దాకా చేసిన దువ్వూరి సుబ్బారావు 1949లో పుట్టారు. ఇది మనకే సొంతం అనుకోకండి. చంబల్ లోయలో పనిచేసిన గాంధేయవాది ఎస్.ఎన్. సుబ్బారావు బెంగళూరులో పుట్టినవారు.

పుట్టిన సంవత్సరాలు గమనించారా? పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుంపుగా ఉన్నారు. 1949 తర్వాత పుట్టి దేశమంతా తెలిసిన సుబ్బారావుని చెప్పమంటే నేను కూడా తడుముకోవాలి.

పేరు ఎందుకు తగ్గింది? స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లో గడులు ఇలా ఉంటాయి: వరస నంబరు, విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు. నేను ఉద్యోగంలో చేరేనాటికి పాత రిజిస్టర్లలో సుబ్బారావు విద్యార్థి గడిలో ఉండేవాడు. ఒకే క్లాసులో ఇద్దరుంటే కె. సుబ్బారావు, కె.వి. సుబ్బారావు అని, అదీ కలిస్తే పెద సుబ్బారావు, చిన సుబ్బారావు అని రాసేవారు. నా సర్వీసు మధ్యకొచ్చేసరికి ఆ పేరు పక్క గడిలోకి, తండ్రి పేరులోకి జరిగింది. విద్యార్థి గడిలో శ్రీనివాసులూ, రమేష్‌లూ, ప్రసాదులూ వచ్చారు. నేను దిగిపోయేనాటికి తండ్రి గడిలో కూడా అరుదైపోయింది. తాత పేరుకి రిజిస్టర్లో గడి లేదు.

కారణం అడిగితే అందరూ సినిమాలు అంటారు. హాస్యపాత్రలకీ, వారపత్రికల్లో జోకులకీ సుబ్బారావు, అప్పారావు పేర్లే వాడి వాడి చులకన చేసిన మాట నిజమే. నా ఉద్దేశంలో అసలు కారణం కుటుంబం చిన్నదవడం. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడికి తండ్రి వైపు తాత పేరు, రెండోవాడికి తల్లి వైపు తాత పేరు, మూడోవాడికి మొక్కుకున్న దేవుడి పేరు, తర్వాతి వాళ్ళకి ఇష్టమొచ్చిన పేరు. అందరి మాటా చెల్లేది. ఇప్పుడు ఒక్కడే కొడుకు. ఆ తాత పేరు పెడితే ఈ తాతకి కోపం. మధ్యే మార్గంగా ఎవరి పేరూ పెట్టకుండా నెట్‌లో దొరికిన పేరు పెడుతున్నారు. అక్కడితో తాతల గొలుసు తెగింది. సుబ్బారావు ఒక్కడే పోలేదు. నాగేశ్వరరావు, కోటేశ్వరరావు, వెంకటేశ్వరరావు అందరూ ఆ దెబ్బకే వెనకపడ్డారు.

తాత పేరు పెట్టినా ఇంకో ఇబ్బంది ఉండేది. మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు. మరి కన్నకొడుకుని ఎలా పిలవాలి? అందుకే బాబు, చిన్నా, బుజ్జి, అబ్బులు. ముద్దుపేర్లు ఇంత విస్తారంగా ఉండటానికి సగం కారణం ఈ పట్టింపే. అలా పెరిగినవాళ్ళకి అసలు పేరు బళ్ళో వేసేటప్పుడు గానీ తెలిసేది కాదు. అటెండెన్సు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనకుండా పక్కవాడి వంక చూసే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు.

ఇంకో చిత్రం. వెంకట అన్న పేరు బతికిపోయింది, ముందు తగిలించుకోవడానికి పనికొచ్చింది కాబట్టి. నాగ కూడా అంతే. సాయి వాటిని మించిపోయింది. సుబ్బ మాత్రం ఇప్పటి పేర్ల ముందు అతకదు. సుబ్బ ఆదిత్య, సుబ్బ చరణ్ అని అనుకోండి, మీకే నవ్వొస్తుంది.

ఆడపిల్లల విషయంలో మార్పు ఇంకా గట్టిగా జరిగింది. సుబ్బలక్ష్మిలు చాలామంది టెన్త్ పరీక్ష ఫీజు కట్టే వేళకి "సార్, శుభలక్ష్మి అని రాయండి" అని వచ్చేవారు. రిజిస్టర్లో ఉన్నది దిద్దే అధికారం హెడ్మాస్టరుకి లేదు. వాళ్ళ మొహాలు చూస్తే బాధేసేది. ఒకమ్మాయి పెద్దయ్యాక గెజిట్‌లో వేయించుకుని మరీ శుభ అయింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను. పేరు మోయాల్సింది తనే. సుబ్బాయమ్మ, సుబ్బరత్నం లాంటి పేర్లు మాత్రం ఇక తిరిగొస్తాయన్న ఆశ నాకు లేదు.

కానీ దేవుడు ఎక్కడికీ పోలేదు. మీ అపార్ట్‌మెంట్లో పిల్లల పేర్లు ఒకసారి వినండి. కార్తీక్, కార్తికేయ, షణ్ముఖ్, స్కంద, కుమార్. అందరూ సుబ్బరాయుడే. కృత్తికలు పెంచారు కాబట్టి కార్తికేయుడు, ఆరు ముఖాలు కాబట్టి షణ్ముఖుడు. నాగులచవితికి పుట్టలో పాలు పోసి వచ్చి కొడుక్కి షణ్ముఖ్ అని పెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. వాళ్ళ తాత సుబ్బారావే. దేవుడు అదే, మొక్కు అదే, ఊరి వాసన ఒక్కటే తీసేశారు. అయితే ప్రతి కార్తీక్ వెనకా మొక్కుందనుకోకండి. కార్తీకమాసంలో పుట్టాడని, వినడానికి బావుందని పెట్టినవాళ్ళే ఎక్కువ.

ఇక మీ ఇంటి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయని నేననుకుంటున్నాను.

ఒకటి, సుబ్బారావు అనే పెట్టి, సుబ్బు అని పిలవడం. సుబ్బు ముద్దుగానే ఉంటుంది, ఏ వయసుకైనా నప్పుతుంది, హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ నోరు తిరుగుతుంది. నాకు ఇదే ఇష్టం. మీ ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే సుమా.

రెండోది, అదే దేవుడి ఇంకో పేరు పెట్టి నాన్నగారికి ఆ సంగతి విడమరిచి చెప్పడం. చాలామంది పెద్దాళ్ళకి "మీ నాన్నగారి దేవుడి పేరే పెట్టాం" అంటే సగం కోపం దిగుతుంది. మిగతా సగానికి మూడోది కూడా కలపండి. నామకరణంలో పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేర్లు రాయిస్తారు కదా. అక్కడ రాసేది ఒక్క పేరు కాదు. మాసాన్ని బట్టి, నక్షత్రాన్ని బట్టి, వ్యవహారానికి అని వేరు వేరుగా రాస్తారు. పురోహితుడికి ముందే చెప్పి తాతగారి పేరు కూడా ఆ బియ్యంలో రాయించండి. రాసే చెయ్యి మీ నాన్నగారిది అయ్యేలా చూడండి. బాబు చెవిలో ఆ పేరు ఆయన చేతే చెప్పించండి. మా ఊళ్ళో ఇలా రాజీపడిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

నేను వద్దనేది ఒక్కటే: కార్తికేయ ఎస్. అని రాసి, ఆ ఎస్ అంటే సుబ్బారావు అని నాన్నగారికి చెప్పి సరిపెట్టడం. ఆ అక్షరాన్ని ఎవరూ విప్పరు. పైగా పాస్‌పోర్టుకి వెళ్ళినప్పుడు ఇనిషియల్ విప్పి రాయమంటారు. ఇంటిపేరుకి ఒక అక్షరం, తాత పేరుకి ఒక అక్షరం కలిసి ఏది ఏదో తెలియక పిల్లాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

జన్మనక్షత్రం అక్షరం గురించి మీరు రాయలేదు గానీ, ఎలాగూ వస్తుంది. "సూ" శతభిషం నాలుగో పాదానికి చెబుతారు. సుబ్రహ్మణ్యుడికి దగ్గరైన కృత్తికకి మాత్రం అ, ఈ, ఉ, ఏ వస్తాయి, సు రాదు. కాబట్టి అక్షరం కుదరలేదని ఎవరైనా అంటే కంగారు పడకండి. ఆ అక్షరం నక్షత్ర నామానికి సరిపోతుంది, పిలిచే పేరు మీ ఇష్టం.

ఇరవయ్యొకటో రోజు దగ్గర పడుతోందని టెన్షన్ పడి ఏదో ఒకటి నమోదు చేయించకండి. జననం నమోదు మాత్రం వెంటనే అయిపోవాలి, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం నమోదైన పన్నెండు నెలల్లోపు ఫీజు లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా లేటు ఫీజుతో పేరు రాయించుకునే వీలుంది. అన్నేళ్ళు ఆగమని కాదు, నాలుగు రోజులు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోమని.

స్కూల్లో ఏడిపిస్తారన్న భయం గురించి. ఏడిపించాలనుకున్న పిల్లలకి పేరుతో పనిలేదు. నా సర్వీసులో విహారి అనేవాణ్ణి "విరిగినకర్ర" అని ఏడిపించారు. ఎందుకో ఆ ఏడిపించినవాళ్ళకే తెలియదు. పాతపేరున్న పిల్లాడు ఒక్కడే ఉంటే మొదటి వారం నవ్వుతారు, తర్వాత మాస్టార్లందరికీ ముందు గుర్తుండేది వాడి పేరే. ఆరుగురు సాయిల మధ్య ఒక సుబ్బారావు ఉంటే హెడ్మాస్టరుగా నాకెంత సుఖమో మీకు తెలియదు.

పెట్టాలనే నిర్ణయిస్తే మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త. సుబ్బ ఒక మాటగా, రావు ఒక మాటగా విడదీసి రాస్తే ఉత్తరాదిలో, విదేశాల్లో రావునే ఇంటిపేరు చేసేస్తారు. పిల్లాడు మిస్టర్ రావు అయిపోతాడు, మీ అసలు ఇంటిపేరు మాయమవుతుంది. రెండూ కలిపి ఒకే మాటగా రాయించండి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు అడ్మిషన్, మూడింట్లోనూ అక్షరం అక్షరం ఒకేలా ఉందో లేదో మీరే సరిచూసుకోండి. తెల్లదొరల కాలంలో రావు చివర డబ్ల్యూ పెట్టేవారు, ఎల్లాప్రగడ వారు చివరిదాకా అలాగే రాసుకున్నారు. మీకు ఆ సరదా ఉంటే మీ ఇష్టం గానీ, ప్రతి ఆఫీసులోనూ గుమాస్తాకి డబ్ల్యూ ఎందుకో చెప్పుకోవాల్సి వస్తుంది.